కంట్రోలర్‌కు కనబడని ఆరుగురు

పై పోర్షన్, చిక్కడపల్లి
7 మార్చి 2013, గురువారం ఉదయం

కిషన్ రావు అంకుల్‌కు నమస్కారం.

ఇంట్లో ఏ మాటైనా కాగితం మీదే ఉండాలన్నది మీ షరతు. అందుకే ఈ ఉత్తరం కూరగాయల బుట్టలో పెట్టి దించుతున్నాను.

అశోక్ నగర్ హాస్టళ్లలో చూపులేని పిల్లలు పద్నాలుగు మంది సర్కారు పరీక్షకు చదువుతున్నారు. పుస్తకాలు నేను పైకి చదివి రికార్డు చేస్తాను, వాళ్లు విని నేర్చుకుంటారు. రెండేళ్ల పాఠాలు నా గదిలో ఎప్పుడూ నడిచే ఆ కంప్యూటర్‌లో, ఆరు డ్రైవ్‌ల మీద ఉన్నాయి. ఆరూ కలిసి కనబడితేనే ఒక్క పాఠమైనా వినబడుతుంది. సోమవారం నుంచి ఒక్కటీ కనబడటం లేదు. పరీక్ష ఈ ఆదివారమే.

చిక్కంతా పాత కంట్రోలర్‌తోనే. ఆరు డ్రైవ్‌లు ఎదురుగా ఉన్నా కంట్రోలర్‌కు కనబడటం లేదు. పాత బుర్ర తుడిచేసి కొత్తది ఎక్కించాలి. శనివారం పది నుంచి పదకొండు దాకా బోరు మోటారు వేయకండి. కరెంటు కోత పదకొండుకు కదా, ఆ ఒక్కరోజు ఫ్రిజ్ కోసమని ముందే మెయిన్ దించకండి. తుడిచాక కొత్తది ఎక్కేలోపు కరెంటు పోతే కంట్రోలర్ పని అయిపోయినట్టే.

మీ పై పోర్షన్ అమ్మాయి,
ఉదయశ్రీ

తా.క.: కంట్రోలర్ తొందరగా వేడెక్కుతుంది. మధ్యాహ్నమైతే ముట్టుకోలేం. అందుకే పొద్దున.

* * *

కింది పోర్షన్
గురువారం సాయంత్రం

ఉదయశ్రీకి,

ఉత్తరం అందింది. నేను ముప్పై ఒక్క ఏళ్లు నారాయణగూడ చౌరస్తాలో సిటీ బస్సుల కంట్రోలర్‌ని. డ్రైవర్లు ఎదురుగా ఉన్నా కంట్రోలర్‌కు కనబడటం లేదని ఇంతవరకు ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

ఆరుగురని రాశావు. ఆ రోజు గేటు దగ్గర నిలబడింది డ్రైవర్ రాములు ఒక్కడే. మిగతా ఐదుగురి పేర్లు పంపు. నీకు ఈ సంగతి మోసిందెవరో కూడా రాయి. శనివారం మెయిన్ పదిన్నరకు దిగుతుంది.

కిషన్ రావు, కంట్రోలర్ (రిటైర్డ్)

తా.క.: నా బుర్ర ఎవరూ తుడవనక్కర లేదు.

ఇది ఆయన చెప్పని తా.క.: ఆయన చెబుతుంటే రాసేది నేనే, ఆఫీసు అలవాటు. అన్నం ముట్టలేదమ్మా. - రత్నమాల

* * *

పై పోర్షన్
శుక్రవారం ఉదయం

అంకుల్‌కు నమస్కారం.

మీ జవాబు ఇంకా చూడలేదు. కాలేజీ లైబ్రరీకి టైమవుతోంది, గబగబా రాస్తున్నాను. కంట్రోలర్‌తో ఇలా అవుతుందని సికింద్రాబాద్‌లో అమ్మినాయన ముందే చెప్పాడు. "మేడం, ఇది ఇన్నేండ్లు పెద్ద కంపెనీల చేసొచ్చింది. కొత్తోళ్లని గుర్తువట్టదు. జర సతాయిస్తది" అన్నాడు. నేనే వినలేదు.

రేపు గంట చాలు.

ఉదయశ్రీ

తా.క.: దీంతో కాకపోతే ఇంకో కంట్రోలర్‌ను చూసుకుంటాను. ఇంట్లో ఈ మోత ఉండదు, ఆంటీకీ హాయి.

* * *

కింది పోర్షన్
శుక్రవారం మధ్యాహ్నం

ఉదయశ్రీకి,

నన్ను సికింద్రాబాద్‌లో ఎవరూ అమ్మలేదు. నెలాఖరుకు పోర్షన్ ఖాళీ చెయ్యి. ఇది నోటీసు.

కిషన్ రావు, కంట్రోలర్ (రిటైర్డ్)

తా.క.: ఆఖరి ముక్క రత్నమాల రెండుసార్లు చదివింది. రెండోసారి అవసరం లేకపోయింది.

ఇది ఆయన చెప్పని తా.క.: నిజం చెప్పమ్మా, ఆ ఇంకో కంట్రోలర్ ఎవరు?

* * *

పై పోర్షన్
శుక్రవారం సాయంత్రం

అంకుల్, మీకు దండం.

కంట్రోలర్ అంటే మీరు కాదు. అరచేయంత కార్డు. బుట్టలోనే పంపుతున్నాను, చేత్తో పట్టి చూడండి. దానికి కళ్లు, బుర్ర అన్నీ ఒక చిన్న ప్రోగ్రాం. అది మార్చితే డ్రైవ్‌లు కనబడతాయి. డ్రైవ్‌లంటే పాఠాలు దాచుకునే ఇనుప డబ్బాలు, మనుషులు కారు. రాములు ఎవరో నాకు తెలియదు.

ఇల్లు ఖాళీ చేయమంటే చేస్తాను. రేపు మాత్రం మెయిన్ దించకండి. నా యూపీఎస్ బ్యాటరీ ఉబ్బిపోయింది, కొత్తది సోమవారం గానీ రాదు. అప్పటికి పరీక్ష అయిపోతుంది.

ఉదయశ్రీ

తా.క.: కార్డు తిరిగి పంపండి. కూరల్లో కలవకుండా.

* * *

శనివారం, 10.38

అంకుల్, పాతది తుడిచాను. కొత్తది ఎక్కనంటోంది. నేను తెచ్చిన ఫైలు ఈ కార్డుది కాదు. సరైనది ఇంటర్నెట్ డాంగిల్‌తో దించుతున్నాను, ఇంకో పావుగంట. ఇప్పుడు కార్డు ఖాళీ. కంప్యూటర్ ఆగితే ఇక ఆ కార్డు లేవదు. మెయిన్ మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి.

తా.క.: జవాబు రాయకండి. బుట్ట లాగడానికి నా చెయ్యి ఖాళీ లేదు.

* * *

కింది పోర్షన్
శనివారం సాయంత్రం

చిరంజీవి ఉదయశ్రీకి,

రాయొద్దన్నావు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే విడదీసి చదువుకో. ఇది నా చేతిరాత. ఏడాదిగా నీకు వచ్చినవన్నీ రత్నమాలవి.

నిన్న నీ కార్డు చేత్తో తడిమాకే సంగతి అర్థమైంది, పొద్దున మెయిన్ కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. 10.41కి రత్నమాల మిక్సీ వేయబోయింది, ఆపాను. 10.46కి పక్కింటి బోరు మోటారు మొదలై ఫ్యాన్ మోత తగ్గింది. గోడ మీదుగా అరిచి ఆపించాను. 10.49కి గేటు చప్పుడైంది. "అన్నా, మంచిగున్నవా?" అన్నాడు ఒకాయన. "రాములూ, ఆడనే నిలబడు. మెయిన్ ముట్టకు" అన్నాను. "గుర్తువట్టినవా అన్నా" అన్నాడు. ఇరవై ఏళ్లు నా చౌరస్తాకు బండి తెచ్చిన డ్రైవర్. పోయిన నెల ఇదే గేటు దగ్గర వాణ్ని నువ్వెవరని అడిగాను. ఇవాళ గొంతు పట్టించింది.

10.57కి "ఆరూ వచ్చినయ్ అంకుల్!" అని నీ కేక. పదకొండుకు ఫ్యాన్ ఆగింది. ఒంటిగంటకు కరెంటు వచ్చాక పాఠాలు అశోక్ నగర్ చేరాయని రత్నమాల చెప్పింది. టైములన్నీ ఆమె గడియారంవే.

నీ మొదటి ఉత్తరం విన్నప్పుడు నాకు వచ్చింది కోపం కాదు, భయం. నాకు చూపు పోతున్న సంగతి నీకు తెలిసిపోయిందనుకున్నాను. కార్డుకు ఎక్కించినట్టు నా కళ్లకు కొత్తది ఎక్కించడం కుదరదని డాక్టర్ చెప్పాడు. నీ పద్నాలుగు మంది కింద పదిహేనో పేరు రాసుకో. నాకు పరీక్ష లేదు. రోజూ పేపరు చాలు.

ఖాళీ నోటీసు రద్దు. కాగితం మీద ఉండాలి కాబట్టి రాశాను.

కిషన్ రావు

తా.క.: నీ 'డ్రైవ్‌ల'కు 'ర' చేర్చి చదివింది రత్నమాల. నువ్వే ఒక అక్షరం మింగావనుకుందట. పేపరు మాత్రం నువ్వే చదువు.