కింది అర

ప్రియమైన సుమిత్రక్కా,

ఈ పొద్దున లాకర్ తలుపు లోపల నీ బొట్టుబిళ్ల అతికి ఉంది. ఎర్రది, అంచున మెరుపు. మాత్రలు ప్యాక్ చేసే హాల్లోకి బొట్టుతో రానివ్వరు కదా, నిన్న తీసి అంటించి మరిచిపోయినట్టున్నావు. కొత్త రకం. దాన్నే చూస్తూ నిలబడిపోయాను.

మనిద్దరికీ ఒకటే లాకర్, పై అర నీది, కింది అర నాది. మిషన్ కూడా ఒకటే. నువ్వు డ్యూటీ దిగితే నేను ఎక్కుతాను. ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారు కాబట్టి ఈ కాగితాలే మన మాటలు. జీతం మాత్రం నాకు నీదాంట్లో సగం, యూనియన్ ఒప్పందం అయ్యాక చేరినందుకు. నీ పాప నేను చదివిన కాన్వెంటుకే వెళ్తోందట. నిన్ను చూస్తే కుళ్లుగా ఉంది అక్కా. ఎదురుగా చెప్పలేను, రాస్తున్నాను.

శుక్రవారం గేట్ మీటింగ్‌లో కొత్త ఒప్పందం. మా బ్యాచ్‌ను మీ గ్రేడ్‌లో కలపడానికి నువ్వు చెయ్యి ఎత్తుతావా?

కింది అర నుంచి,
మహిత

*

మా కాన్వెంట్ పిల్లకు,

కుళ్లుంటే ఉండనీ. గిట్ల చెప్పేటోళ్లు గూడ ఈడ లేరు. పర్మినెంట్ కోసం నేను గేటు ముంగట ఎండల కూసున్న. అది నీకు కనపడదు, బొట్టుబిళ్ల కనపడతది.

మన యూనియన్ లీడర్ యాదన్నను అడిగిన. "వాళ్లను పైకి తెస్తే మనది పెరగదు సుమిత్రా" అన్నడు. "ఒక్క మిషన్ మీద రెండు జీతాలేంది అన్నా" అన్న. నవ్విండు. మీటింగ్‌కు రా. భయపడి ఎనక నిలబడకు.

పై అర నుంచి,
సుమిత్ర

*

సుమిత్రక్కకు,

మా బ్యాచ్ మీ గ్రేడ్‌లోకి వస్తుందని యాదన్న మైకులో చెప్పాడు. అందరూ చేతులెత్తారు. క్లాసులో కూడా ఏనాడూ ఎత్తని నేను చెయ్యి ఎత్తి నీ వైపు చూశాను. నువ్వు చేతులు కట్టుకుని ఉన్నావు.

నేను నీతో సమానం కావడం చూడలేకపోయావు. కుళ్లు నాకొక్కదానికే అనుకున్నాను.

మహిత

*

మహితా,

యాదన్న ఇంకో మాట గూడ అన్నడు. చప్పట్లల్ల నీకు ఇనపడలేదేమో. ఇగ మీదట చేరేటోళ్లకు మీకన్న తక్కువ గ్రేడట. రెండింటికి కలిపి ఒక్కటే చెయ్యి ఎత్తాలె.

నీ కాగితం యాదికొచ్చింది. మల్ల ఇంకో పిల్ల ఈ లాకర్ కాడ నిలబడి నీ వస్తువులు సూస్తది. నాకు చెయ్యి లేవలే. "సుమిత్రమ్మ లీడరైతదట" అని నవ్విన్రు. నవ్వనీ. నీ గ్రేడ్ నీకొచ్చింది, నాకు సంబురమే.

పై అర నుంచి,
సుమిత్ర

*

ప్రియమైన అక్కా,

ఈ రోజు బొట్టుబిళ్ల లేదు. ఆ చోట జిగురు మచ్చ ఉంది.

చప్పట్లు నాకు అడ్డు రాలేదు. ఆ మాట విన్నాకే చెయ్యి ఎత్తాను. ఎవరో తెలియని వాళ్లకు కదా తగ్గేది అనుకున్నాను.

సోమవారం కొత్తమ్మాయి చేరుతోంది. లాకర్లు చాలవు, మీదాంట్లోనే సర్దుకోండి అన్నాడు సూపర్‌వైజర్. కింది అర ఖాళీ చేసి నా బట్టలు నీ వాటి పక్కన పెట్టాను. ఏమీ అనుకోకు.

మహిత

నిన్న సాయంత్రమే తెలిసింది. ఆ అమ్మాయి మా చెల్లెలు అంకిత.