పైడమ్మ పేరుతో రెండో శుభలేఖ

అక్కా, వారం రోజుల ముసురు తర్వాత ఇవాళ ఎండ కాసింది. మా ప్రెస్సులో అచ్చయిన ప్రతి పనికీ ఒక కాపీ బీరువాలో దాచడం తాతల నాటి అలవాటు. వాటికి చెమ్మ పట్టిందని పొద్దున్నించీ తాళ్ల మీద ఆరేస్తున్నాం.

మనవరాలి శుభలేఖలు వేయించడానికి జూటు మిల్లుల ఊరు బడ్జ్ బడ్జ్ నుంచి సింహాచలమ్మ అనే పెద్దావిడ వచ్చింది. తాడు మీద తన పెళ్ళి శుభలేఖే కనబడింది. చదువుకుని, "మాయమ్మ పేరేది? జూటు మిల్లులో పన్జేసి నా పెల్లి సేసింది ఆవిడ. పేరేమో మా పెదనాన్నది!" అంటూ పెన్ను అడిగింది. మా యజమాని కృపాకర్ గారు కార్డు లాక్కున్నారు.

"దాచిన కాపీ మీద గీత కూడా పడకూడదు పిన్నీ. మా తాత పెట్టిన కట్టుబాటు."

"అయితే అబద్దాన్నే దాసుకో నాయనా. సెదలు తినకుండా సూసుకో."

ఆయన నన్ను పిలిచి, అదే అంచు, అవే సీసపు అక్షరాలు కూర్చి, పిలిచేవారి చోట ఆవిడ తల్లి పైడమ్మ పేరు వేయమన్నారు. మధ్యాహ్నానికి రెండు కార్డులు తీశాను. ఒకటి ఆవిడకిచ్చి, రెండోది పాతదానికి జతచేసి బీరువాలో పెట్టారు.

ప్రెస్సు మూసేస్తారని నీతో ఎవరన్నారో గానీ, నమ్మకు. పని ఉంది, నా దగ్గూ తగ్గింది. ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు నెత్తళ్లు పంపు. బావ మోకాలు ఎలా ఉంది? పిల్లలకు మామయ్య దీవెనలు చెప్పు.

తమ్ముడు జగ్గారావు

తా.క. సింహాచలమ్మ కార్డు కొంగు కింద పెట్టుకుని నాలుగు గంటల బండికి వెళ్ళిపోయింది.