ఉతికిన లేసులు

వంటగది బల్ల దగ్గర నుంచి,
సోమవారం మధ్యాహ్నం

చెల్లాయికి,

పెద్దక్క దీవెనలు. నువ్వు కులాసాగా ఉన్నావనే అనుకుంటున్నాను. కులాసాగా ఉండి కూడా నా ఫోను ఎత్తడం లేదంటే మాత్రం నీ చెవి మెలిపెట్టాల్సిందే. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు మానేశాక కూర మాడ్చేవాళ్ళు లేక వంటగది వెలవెలబోతోంది.

ముందు నీకు కావలసిన కబురు చెప్తాను. చెప్పకుండా వెళ్ళిపోయిన ఆ పిల్ల, మన పిడుగు, తిరిగొచ్చింది. నువ్వు రాజీనామా ఇచ్చి ఏడుస్తూ వెళ్ళిపోయిన రోజే, సాయంత్రానికల్లా వచ్చేసింది. ఆ మాట చెబుదామంటే నువ్వు దొరికితేగా.

నువ్వు చేసింది పాపమేమీ కాదు. జ్వరం మందు మత్తులో పడుకున్న పిల్ల కాళ్ళకున్న బురద బూట్లు విప్పి, ఉతికి, డాబా మీద ఆరేశావు. ఏ ఇంట్లోనైనా దాన్ని ప్రేమే అంటారు. కానీ మన ఆశ్రమానికొచ్చే పిల్లలు రోడ్డు మీద పడుకున్నవాళ్ళు. అక్కడ కాస్త కన్ను మూతపడితే ముందు పోయేవి బూట్లే. అందుకే మంచం దొరికాక కూడా బూట్లతోనే పడుకుంటారు. దుప్పట్లు మట్టికొట్టుకుపోయినా మనం విప్పమని అనం. వాళ్ళంతట వాళ్ళు విప్పే రోజు కోసం చూస్తాం. కొత్తగా చేరినదానివి, నీకేం తెలుసు? పిడుగు లేచి వట్టి కాళ్ళు చూసుకుంది. ఇక్కడా దొంగలే అనుకుని అలాగే వీధిలోకి నడిచింది.

మళ్ళీ ఎందుకొచ్చిందంటావా? నాతో పోట్లాడ్డానికి. నా బూట్లు నా మొహాన కొడితే నా దారిన నేను పోతానంది. డాబా మీదున్నాయి, వెళ్ళి తెచ్చుకోమన్నాను. వెళ్ళిన పిల్ల ఎంతకీ దిగిరాదే! మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి చూద్దును కదా, బట్టల తీగ కింద కూర్చుని ఉంది. నువ్వు లేసులు విడిగా తీసి, సబ్బు పెట్టి ఉతికి, క్లిప్పులు పెట్టి ఆరేశావు చూడు, వాటినే పట్టుకుని చూస్తోంది. దొంగలు లేసులు ఉతకరు కదా పెద్దక్కా అంది. ఎంత మాటో నువ్వే ఊహించుకో.

బూట్లు తొడుక్కుంది గానీ వెళ్ళలేదు. వీధి చివర సైకిల్ షాపులో పనికి కుదిర్చాం. ఇలాంటి పిల్లల్ని నమ్మొచ్చా అని యజమాని మొదట్లో తెగ నసిగాడు. ఇప్పుడు పొద్దున్నే ఆ షాపు షట్టరు తీసేది మన పిడుగే. తాళంచెవి మెడలో వేసుకుని మహారాణిలా తిరుగుతోంది. నిన్న మన డైరెక్టర్ గారి సైకిల్ చూసి, ఈ బ్రేకులతో ఇన్నాళ్ళూ ఎలా బతికారు మేడమ్ అని క్లాసు పీకింది. ఆవిడ కిక్కురుమనకుండా విన్నారు. నేను పక్కనే నిలబడి మురిసిపోయాను. దాచుకోవడమెందుకు, కన్నతల్లికి కూడా అంత గర్వం ఉండదేమో.

నీ చోట ఎవరినీ పెట్టుకోలేదు. నీ ఏప్రాన్ మేకుకే వేలాడుతోంది. ఈ పనికి నేను పనికిరానని రాజీనామాలో రాశావట. లేసుల దాకా ఉతికే మనిషి కాక ఇంకెవరు పనికొస్తారే? బుద్ధిగా వచ్చెయ్.

ఎదురుచూస్తూ,
నీ పెద్దక్క

తా.క.: ఇది నా అంతట నేను రాసిన ఉత్తరం కాదు. నీ మీద అలిగి, రాయకూడదనే కూర్చున్నాను. ఈ ఉదయం పిల్లల్ని లేపడానికి వెళితే దుప్పటి బయట పిడుగు వట్టి కాళ్ళు కనిపించాయి. బూట్లు గది గుమ్మం బయట పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. ఉతుకుదామని చెయ్యి వేశానో లేదో, లేచి కసిరింది. నువ్వు ముట్టుకోకు, ఆ అక్కే వచ్చి ఉతకాలి, ముందు ఉత్తరం రాయి అంది. నా చెప్పులు వేసుకుని షాపుకి వెళ్ళిపోయింది. బూట్లు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి. నా చెప్పులు నాక్కావాలి, తొందరగా రా.