బజారుకు పెట్టిన గస్తీ

తమ్ముడూ,

నిన్నటి నుంచి ముసురు. తడుస్తూనే వంకాయలు కోసి కరీంనగర్‌కు బండి కట్టాను. రేపటికి నువ్వు పోయి ఏడాది. బజారులో నీ సంచి గుంజుకొని నిన్ను పొడిచిన మల్లిగాడిని, సాక్షి లేడని పోలీసులు అప్పుడే వదిలేశారు.

దొంగతనాలు ఆగడం లేదని పోయిన వారం మేమంతా మున్సిపాలిటీ చైర్మన్‌కు మొరపెట్టుకున్నాం. ఆయన బజారుకు గస్తీ పెట్టాడు. కర్ర, ఈల మల్లిగాడికే ఇచ్చాడు. ఇదేమిటని అడిగితే, "గా దొంగలందరు వానికే ఎరుక. వాడుంటే ఇంకెవ్వడు రాడు. మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

ఆనాడు వాణ్ణి కళ్లారా చూసింది ఆకుకూరలమ్మే ఎల్లవ్వ ఒక్కతే. ఇన్నాళ్లకు ధైర్యం చేసి, ఠాణాకు వచ్చి చెప్తానని మొన్న నాకు మాటిచ్చింది. ఇవాళ మల్లిగాడు ఆమె గంప ముందు కర్ర ఆనించి నిలబడ్డాడు.

"ఏం పెద్దవ్వా, కండ్లు మంచిగనే కనవడుతున్నయా?"

"మసకేసినయి బిడ్డా. ఎవ్వలు గుర్తువడ్తలేరు."

వాడు నవ్వి, నా బండిలోంచి ఒక వంకాయ తీసుకొని ముందుకు పోయాడు. నేను తక్కెడ పట్టుకొని అట్లాగే ఉన్నాను. చైర్మన్ ఇంటికి మళ్లీ పోదామంటే మా వరుసలో ఎవరూ లేవలేదు.

ఎల్లవ్వ మధ్యాహ్నం బస్సుకు వేములవాడలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.