నా పేరున ఉన్న తెల్ల కారు గురించి

ఏలూరు,
18-11-2009.

శ్రీయుత సంపద పన్ను అధికారి గారికి,
ఏలూరు మండలం నత్తగుల్లలంక కాపురస్తుడు, చేపల చెరువు కాపలాదారు రామకోటి (52 సం.) వ్రాసుకొన్న అర్జీ.

విషయం: నన్ను అతి సంపన్నుడిగా గుర్తించినందున, నాపై పన్ను విధించి వెంటనే వసూలు చేసుకొనవలసిందని కోరుట గురించి.

అయ్యా,

ఈ నెల 11వ తేదీ బుధవారం ఉదయం 10 గంటల 40 నిమిషాలకు నా తెల్ల రేషన్ కార్డు రద్దయింది. రిజిస్టరులో కారణం "కార్డుదారు అతి సంపన్నుడు" అని వ్రాశారు. ఆ సమయానికి నేను బియ్యం సంచి పట్టుకుని డిపో వరుసలో మూడోవాడిగా నిలబడి ఉన్నాను. ఆ పైన జరిగినవీ, అంతకు ముందు జరిగినవీ తమకు మనవి చేసుకొంటున్నాను.

1. నా భార్య పైడమ్మకు పిత్తాశయంలో రాళ్లున్నాయి. తాడేపల్లిగూడెంలో ఒక ఆసుపత్రివారు ఈ నెల 27వ తేదీ శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి ఆపరేషన్ ఖాయం చేశారు. తెల్ల కార్డు ఉంటే ఖర్చు ప్రభుత్వానిది. లేకపోతే ముందురోజే డబ్బు కట్టాలి. కార్డు పోయిందని చెప్పుకోవడానికి వెళితే, ఆసుపత్రి కౌంటరులో ఉన్న గంగాభవాని అనే అమ్మాయి కంప్యూటరు చూసి, "మీకు కారుందంట కదండీ. ఇంకేం బాధండీ?" అన్నది. ఆ అమ్మాయిది తప్పని నేను అనడం లేదు. కంప్యూటరులో అలాగే ఉన్నది.

2. తమ కార్యాలయం నుంచి ఈ నెల 4న వచ్చిన నోటీసు ప్రకారం నా ఆస్తులు ఇవి: తెల్ల కారు ఒకటి. ఏలూరు శివారున ఏసీ గెస్ట్‌హౌస్ ఒకటి. తాడేపల్లిగూడెం పట్టణంలో ఇళ్ల స్థలాలు నాలుగు. బ్యాంకు లాకరులో బంగారు నగలు. కారు నాకు తెలుసు. రోజూ కడిగేది నేనే. ఒకసారి ఎక్కాను కూడా. కాళ్లకు బురద ఉన్నదని సీటు మీద చేపల మేత సంచి పరిచి కూర్చోబెట్టారు. స్థలాలు ఊరికి ఏ దిక్కున ఉన్నాయో తెలియదు. నగల గురించి పైడమ్మ ఈ రెండు వారాలుగా ఒక్కటే ప్రశ్న అడుగుతున్నది: "ఎవతికి పెట్టావు?"

3. ఇవన్నీ నా పేరున ఎలా వచ్చాయని తమరు అడగవచ్చు. మా కొల్లేటిలో ఒకరి తాటి దోనె ఇంకొకరు అడిగి తీసుకెళ్లడం మామూలే. దానికి కాగితం ఉండదు, అద్దె ఉండదు. సాయంత్రానికి దోనె రేవుకు చేరాలి, దోనె అడుగున ఒక చేప ఉండాలి. అదే ఆనవాయితీ. 2006లో ప్రభుత్వంవారు కొల్లేటి చెరువుల గట్లు కొట్టేసినప్పుడు మా యజమాని వెంకట్రాజు గారికి తన పేరు మీద ఏదున్నా పోతుందని బెంగ పట్టుకుంది. మా రేవుకు వచ్చి, "ఏరా రామకోటీ, నీ పేరోసారి ఇస్తావా?" అన్నారు. దోనె అడిగినట్టే అడిగారు. నేనూ దోనె ఇచ్చినట్టే ఇచ్చాను. సంతకం పెట్టిన ప్రతిసారీ సాయంత్రానికి మా ఇంటికి ఒక కొర్రమీను వచ్చేది. మూడేళ్లలో పదకొండు సంతకాలు, పదకొండు కొర్రమీనులు. ఆనవాయితీ విషయంలో రాజుగారిలో లోపం లేదు. పేరు మాత్రం రేవుకు తిరిగి రాలేదు.

4. గత నెల 25వ తేదీ ఆదివారం ఏలూరులో ఒక కల్యాణ మండపంలో "అతి సంపన్నుల సంపదపై పన్ను అవసరమా?" అనే చర్చ జరిగింది. అవసరమని రిటైర్డ్ లెక్చరర్ నాగదుర్గారావు గారు, అనవసరమని రాజుగారు మాట్లాడారు. అనవసరమని చప్పట్లు కొట్టడానికి మా లంక నుంచి రెండు లారీల జనాన్ని తీసుకెళ్లి, తలొక బిర్యానీ పొట్లం ఇచ్చారు. ఎవరేమడిగినా "వద్దండీ" అనాలని లారీలోనే నేర్పారు. అక్కడ జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు మనవి చేస్తున్నాను.

రాజుగారు: "అసలీ జిల్లాలో ధనవంతులెక్కడున్నారండీ? నాకు సొంత కారు కూడా లేదు. లెక్చరర్ గారికి నయం, స్కూటరైనా ఉంది."

లెక్చరర్ గారు: "మరి గుమ్మంలో ఆ తెల్ల కారెవరిదండీ?"

"మా రామకోటిదండీ. అడిగి తెచ్చుకున్నాను."

"ఆ రామకోటి గారెవరో ఒక్కసారి లేస్తారా అండీ?"

నేను లేచాను. లెక్చరర్ గారు ముందు నా ముఖం చూశారు, తరువాత చెప్పులు లేని నా కాళ్లు చూశారు.

"ఏవండీ, మీ సంపద మీద పన్ను వెయ్యమంటారా?"

"వద్దండీ."

"పోనీ ఆ కారు మీకు కావాలా?"

"వద్దండీ."

"గెస్ట్‌హౌసో?"

"వద్దండీ."

"బిర్యానీ?"

"అది తినేశానండీ."

మండపంలో నవ్వు ఆగడానికి కొంతసేపు పట్టింది. రాజుగారు కూడా నవ్వారు. మర్నాడు పేపరులో నా ఫొటో వేసి, కింద "జిల్లాలో అతి సంపన్నుడు?" అని వ్రాశారు. ప్రశ్న గుర్తు ఉన్నది. తరువాత వచ్చిన కాగితాలు వేటిలోనూ ఆ గుర్తు లేదు.

5. నోటీసు పట్టుకుని 5వ తేదీన రాజుగారి దగ్గరకు వెళ్లి, నా పేరు నాకు ఇప్పించమని అడిగాను. "ఇప్పుడు మార్చామనుకో, నేను ధనవంతుణ్ణయిపోతాను. ఇన్నాళ్లూ నా ఉప్పు తిన్నావు, నన్నలా చూడగలవా?" అన్నారు. చూడలేనన్నాను. అప్పుడు కారు ఆర్‌సీ పుస్తకం, రెండో తాళం నా చేతిలో పెట్టి, "ఇన్‌స్పెక్టరొస్తే ఇవి చూపించు. నాదేనండీ అని గట్టిగా చెప్పు. నసగకు" అన్నారు. సాక్షులు: వారి వంటమనిషి, పాలవాడు.

ఇంటికి వచ్చి చెబితే పైడమ్మ నొప్పికి డొక్క పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "పదకొండు చేపలకి పేరమ్ముకున్నావు. పులుసు పెట్టిందాన్ని నేనే, నన్నూ అనుకోవాల" అన్నది. "తలకాయలన్నీ నువ్వే తిన్నావు" అని కూడా అన్నది.

6. తమ ఇన్‌స్పెక్టరు ప్రభుదాసు గారు 9వ తేదీన విచారణకు వచ్చారు. మంచివారు. మా ఇంట్లో కూర్చోవడానికి ఏమీ లేకపోతే బోర్లించిన బుట్ట మీద కూర్చున్నారు. ఫారంలో "యాట్‌లు, పడవలు, విమానాలు" అనే గడి దగ్గర పడవ ఉన్నదా అని అడిగారు. ఉన్నదండీ, పద్నాలుగు మూరల తాటి దోనె, నీళ్లు కారుతుంది అని చెప్పాను. వ్రాసుకున్నారు.

"విమానం లేదు కదా?"

"లేదండీ."

"సరిగ్గా ఆలోచించి చెప్పు. నీ పేరున ఉందేమో."

"నాకు తెలిసి లేదండీ. ఎందుకైనా మంచిది, రాజుగార్ని కనుక్కుంటానండీ."

అక్కణ్నుంచి గెస్ట్‌హౌస్ చూపించమన్నారు. గేటు దగ్గర కాపలా ఉన్న చిట్టిబాబు ప్రభుదాసు గారికి దండం పెట్టి లోపలికి పంపి, నన్ను ఆపేశాడు. "నువ్వాగు బాబాయ్. మనల్ని లోపలికి రానివ్వద్దన్నారు." ఓనరుని నేనేరా అన్నాను. "అయితే మాత్రం?" అన్నాడు. ప్రభుదాసు గారు తమ రిపోర్టులో "యజమానికి తన గెస్ట్‌హౌస్‌లోకి ప్రవేశం లేదు" అని వ్రాసినట్టు తెలిసింది. అది తమరు దయచేసి మరొకసారి చదవగలరు.

7. ఇంత జరిగిన మీదట నేను చర్చలో నా పక్షం మార్చుకొన్నాను. అతి సంపన్నుల సంపదపై పన్ను అవసరమే. ఈ సంగతి నాగదుర్గారావు గారింటికి వెళ్లి చెప్పాను. ఈ అర్జీ వ్రాసిపెడుతున్నది వారే. వారు రెండు చోట్ల "దీనుడను" అని చేర్చబోతే నేనే వద్దన్నాను. అతి సంపన్నుడు అలా వ్రాసుకోకూడదు.

కావున నేను కోరేవి:

(అ) నా పేరున ఉన్న గెస్ట్‌హౌస్, స్థలాలు, నగలు పన్ను కింద జప్తు చేసుకొని, తరువాత నేను పేదవాడినని ఒక కాగితం ఇప్పించాలి. దాని మీద కార్డు తిరిగి ఇస్తామని రేషన్ కార్డుల ఆఫీసువారు చెప్పారు. నెల పట్టవచ్చునట. రాళ్లు అంతవరకు ఆగవని డాక్టరు గారు చెప్పారు.

(ఆ) అందువల్ల కారు జప్తు చేయవద్దు. దానిని నేను అమ్ముతున్నాను. ఏలూరులో పాత కార్ల వ్యాపారి హసన్ గారు ఆర్‌సీ పుస్తకం ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చదివి, "కాగితం ప్రకారం ఓనరు మీరేనండీ. నాకు కాగితమే ప్రమాణం" అన్నారు. బుధవారాలు రాజుగారు రైలులో హైదరాబాదు వెళతారు, కారు కడగడానికి నా దగ్గర ఉంటుంది. 25వ తేదీ బుధవారం ఉదయం పదకొండు గంటలకు రవాణా కార్యాలయంలో సంతకం. వచ్చిన దానిలో ఆసుపత్రికి పోగా మిగిలింది అదే రోజు సాయంత్రం తమ కార్యాలయంలో పన్నుగా కడతాను. రసీదు నా పేరునే ఇప్పించాలి.

(ఇ) నా కారు నేను అమ్ముకోకూడదని చట్టంలో ఎక్కడైనా ఉంటే, లేదా ఆ కారు నాది కాదని ఎవరైనా తమ ముందు చెబితే, ఆ మాట వ్రాతపూర్వకంగా సంతకంతో తీసుకొని 24వ తేదీ లోపు నాకు తెలియజేయాలి. అదొక్కటీ వస్తే కారూ అక్కర్లేదు, ఈ అర్జీ కూడా అక్కర్లేదు.

(ఈ) తాటి దోనె మాత్రం నాదే. దానిని వదిలేయాలి.

పై సంగతులు తమరు చిత్తగించవలెను. 25వ తేదీ పదకొండింటికి ముందే చిత్తగిస్తే మరీ మంచిది.

ఇట్లు,
తమ విధేయుడు,
రామకోటి
(అతి సంపన్నుడు, కార్డు రద్దు)

మరొక మనవి: అమ్మకం కాగితం మీద పెట్టేది నా పన్నెండో సంతకం. ఈసారి పేరు వాడుకుంటున్నది నేను కాబట్టి చేప నేనే పంపాలి. నిన్న దొరికిన కొర్రమీను ఒకటి నీళ్ల గాబులో బతికించి ఉంచాను. తమకూ ఒకటి పంపుదామంటే అది లంచమవుతుందని లెక్చరర్ గారు చెప్పారు, మన్నించాలి. 25న పదకొండింటికి సంతకం. పన్నెండింటికి రాజుగారింటికి చేప. 27 ఉదయం ఎనిమిదింటికి పైడమ్మకు ఆపరేషన్.