హద్దురాయి ఫోటో

బుధవారం, ఎల్బీనగర్

పోయిన కాలాన్ని ఫోటో తీసే కెమెరా దిల్‌సుఖ్‌నగర్ల కిరాయికి దొరికింది. పొద్దున్నే తీస్కొని బాటసింగారం పోయిన. అక్కడ నాయిన ప్లాటుకు, చిన్నాయన ప్లాటుకు నడుమ ఉన్న హద్దురాయి జరిపింది నువ్వంటే నువ్వని అన్నదమ్ములిద్దరు పన్నెండేండ్లు మాట్లాడుకోలే. నేను నాయిన మాటే నమ్మిన. నాయిన సచ్చిపోయిన దినం చిన్నాయన పాడె మోస్తనని ఒస్తే, దొంగకు గీడ ఏం పని అని గల్లా పట్టి గేటు బయటికి నూకిన.

రాయి జరిగిన ఏడాదికి కెమెరా ముల్లు తిప్పి బటన్ నొక్కిన. చిన్నాయన దొరికిండు పో అనుకున్న.

ఫోటోల గడ్డపార పట్టుకొని రాయి పెకిలిస్తున్నది నాయిన.

ఇంటికొచ్చి ఫోటో అమ్మ ముందల పెట్టిన. అమ్మ అద్దాలు సుత పెట్టుకోలే.

“నాకెరుకే బిడ్డా. ఆ గడ్డపార కడిగి లోపల పెట్టింది నేనే.”

“మరి నేను చిన్నాయనను నూకేటప్పుడన్న చెప్పొద్దా అమ్మా?”

“పీనుగు ముందల ఎట్ల చెప్తరా? అన్నం తిను, సల్లగైతది.”

తినలే. చిన్నాయన నంబర్ తీసి, చూసుకుంట కూసున్న. కెమెరా రేపు వాపసియ్యాలె. చిన్నాయనకు ఏం వాపసియ్యాలె?