లారీ చుట్టూ ప్రదక్షిణ

అత్తయ్యకి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. ఉత్తరం ఏమిటని ఆశ్చర్యపోకండి. శిక్షణ అయ్యేదాకా మా ఫోన్లన్నీ ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. మీ అమ్మాయికి విడిగా రాస్తున్నాను. కాని ఈ కూల్‌డ్రింకుల కంపెనీలో నన్ను లోడరుగా పెట్టించిందీ, కంపెనీ ఖర్చుతో హెవీ లైసెన్సు నేర్పిస్తారంటే పేరిమ్మని పోరు పెట్టిందీ మీరే కాబట్టి, ఇక్కడి సంగతులు మీకే చెప్పాలి.

గదికి నలుగురం, అందరం లోడర్లమే. ఒకడు నిద్రలో కూడా సీసాల కేసులు ఎత్తుతున్నట్టు మూలుగుతాడు. వింటే నా నడుం నాకు గుర్తొస్తుంది. బరువులు మానకపోతే కష్టమని డాక్టరు చెప్పిన మాట మీకు తెలుసు. మన డిపోలో పెద్ద లారీ డ్రైవరు మానేస్తున్నాడు. ఆ సీటు నాకొస్తే గట్టెక్కుతాను, రాకపోతే మళ్ళీ కేసులే.

ఇక్కడ తాళంచెవి ముట్టుకునే ముందు లారీ చుట్టూ తిరగాలి. ఒక్కో భాగం మీద చెయ్యి వేసి, అదెలా ఉందో పైకి చెప్పాలి. ‘టైరులో గాలుంది, కోతలు లేవు, నట్లు బిగుతుగా ఉన్నాయి’ అని గట్టిగా అనాలి. మనసులో అనుకున్నది లెక్కలోకి రాదంటారు మాస్టారు. నోరున్నవాణ్ణి కదా, నాకిది వెన్నతో పెట్టిన విద్య.

మీ అల్లుడు (ప్రస్తుతానికి లోడరు)

తా.క.: మొదటి రోజే లారీ చుట్టూ తిరిగి ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాను. మాస్టారు చప్పట్లు కొట్టి, ఆ లారీ మనది కాదన్నారు. పక్క హాస్టలుకి మంచాలు దింపడానికి వచ్చిందట.

*

చిరంజీవి అల్లుడికి అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివాను, సగమే అర్థమైంది. టైరు సరే, టైరుకి ముందు ఏం చూస్తారు? కుడివైపు నుంచి మొదలా, ఎడమవైపు నుంచా? కిందికి వంగి చూసేది ఎప్పుడు? కథ చెప్పమంటే నడిమధ్యలోంచి అందుకున్నట్టుంది నీ రాత. మొదటినుంచీ వరసగా రాయి.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వు లేవని మీ ఆవిడ మంచం మీద అడ్డంగా పడుకుంటోంది. డిపోలో నా షెడ్డు నిండా ఖాళీ సీసాలు కొండలా పేరుకున్నాయి, అవి ఏరి పెట్టేసరికి తల ప్రాణం తోకకి వస్తోంది. అయినా తీరిక చేసుకుని రాస్తున్నాను కాబట్టి నువ్వూ బద్ధకించకు.

నీ జవాబు కోసం గేటువైపే చూస్తుండే అత్తయ్య

తా.క.: పెద్ద లారీకి బ్రేకుల్లో గాలుంటుందట, అదేమిటి? ఆ గాలి పోతే నడిచే బండి ఆగదా, ఆగిన బండి కదలదా? ఇది తేలేదాకా నాకు అన్నం సయించదు.

*

అత్తయ్యకి నమస్కరించి, కాస్త అలిగి రాస్తున్నాను.

నాకంతా అర్థమైంది. ఆ ప్రశ్నలు మీవి కావు. నేనిక్కడ నేర్చుకుంటున్నానో, తిని పడుకుంటున్నానో కనుక్కోమని మీ అమ్మాయే మిమ్మల్ని ఉసిగొల్పింది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. సరే, పరీక్ష పెట్టారు కాబట్టి జవాబులు చూసుకోండి.

ముందు దూరంగా నిలబడి బండి ఒక పక్కకి ఒరిగిందేమో చూడాలి. తరవాత వంగి, నేల మీద నూనె మరకలున్నాయేమో చూడాలి. ఎడమవైపు నుంచి మొదలుపెట్టి, వెనకగా తిరిగి, కుడివైపుకి రావాలి. గాలి పోతే బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి, బండి కదలదు. మిగతాదంతా విడిగా కాగితాల్లో రాసి పంపుతున్నాను, ఎక్కడ చెయ్యి వేసి ఏ మాట అనాలో సహా. మీ అమ్మాయికి చూపించండి.

రివర్సు ఒక్కటే చిరాకు. అనుమానం వచ్చినప్పుడల్లా ఆపి, దిగి, వెనక్కెళ్ళి చూసి రావాలట. మాటిమాటికీ దిగుతుంటే చూసేవాళ్ళు నవ్వరూ? అద్దాలున్నది ఎందుకు? మీరు ఖాళీ సీసాల వ్యాను గేటుదాకా నడుపుతారు గాని, లారీ వేరు అత్తయ్యా. అది మీకు చెప్పినా అర్థం కాదు.

గౌరవం మాత్రం ఏమీ తగ్గని మీ అల్లుడు

తా.క.: నిన్న రివర్సులో నేను నాలుగు కోన్లు పడగొట్టానని ఎవరైనా చెబితే నమ్మకండి. మూడే. నాలుగోది మాస్టారు పక్కకి గెంతినప్పుడు ఆయన కాలు తగిలి పడింది.

*

అలిగిన అల్లుడికి అత్తయ్య దీవెనలు.

కాగితాలు అందాయి. ఇప్పుడు చక్కగా అర్థమైంది. నీ కోపం చూస్తే అక్కడ నీకు కడుపు నిండడం లేదని తెలిసిపోయింది. మావాడు మొహమాటస్థుడు, రెండోసారి అడిగి మరీ వడ్డించండని మీ మాస్టారికి ఒక కార్డు రాశాను.

నిన్న మేనేజరు గదికి వెళ్ళి పెద్ద లారీ సీటు సంగతి తేల్చమన్నాను. చూద్దాం అన్నాడు. అడగందే అమ్మైనా పెట్టదు కదా, కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాను. ఆయన భోజనానికి లేవబోయాడు, లేవనివ్వలేదు. చివరికి, లైసెన్సు చూపించిన రోజునే సీటు ఇస్తానని మాటిచ్చాడు.

పొద్దున్నే నేను మంచం కోళ్ళు తట్టి, ‘పగుళ్ళు లేవు, బిగుతుగా ఉంది’ అంటూ చుట్టూ తిరుగుతుంటే మీ ఆవిడ లేచి కెవ్వుమంది. నీ పాఠం సరిగ్గా ఉందో లేదో చూస్తున్నానని సర్దిచెప్పాను.

పట్టిన పట్టు వదలని నీ అత్తయ్య

తా.క.: ఆ లారీలో సీటు ముందుకి జరుగుతుందా? కాళ్ళు అందకపోతే వీపు వెనక దిండు పెట్టుకోనిస్తారా?

*

దేవతలాంటి అత్తయ్యకి వేనవేల నమస్కారాలు.

మిమ్మల్ని అనుమానించినందుకు సిగ్గుపడుతున్నాను. నాకోసం మేనేజరుని భోజనానికి కూడా లేవనివ్వలేదా? కళ్ళనీళ్ళు తిరిగాయి. మీ ఉత్తరం గదిలో అందరికీ చదివి వినిపించాను. ఇలాంటి అత్తగారు దొరికితే పిల్లని చూడకుండానే పెళ్ళి చేసుకుంటానన్నాడు ఒకడు. మీ కార్డు కూడా చేరినట్టుంది. మాస్టారు గరిటె పట్టుకుని నా వెనకే నిలబడుతున్నారు.

సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది, కింద మీట ఉంటుంది. కాని నేను ఆరడుగుల మనిషినని మీరు మరిచిపోయినట్టున్నారు. ప్రేమ ఎక్కువైతే ఎదుటివాళ్ళు చిన్నపిల్లల్లా కనిపిస్తారేమో.

రేపే పరీక్ష. అది అయ్యాకే ఈ ఉత్తరం పోస్టు చేస్తాను.

రేపటికి డ్రైవరు కాబోయే మీ అల్లుడు

తా.క.: పరీక్ష అయింది. చుట్టూ తిరిగి చెప్పడంలో అందరికన్నా నేనే మొదటివాణ్ణి. ఇన్‌స్పెక్టరు ముచ్చటపడి రెండోసారి చెప్పించుకున్నాడు. రివర్సులో మాత్రం, నేననుకున్న చోటికన్నా గోడ ముందుకి ఉంది. దిగి చూడలేదు. తప్పాను. మీరు అంత కష్టపడి సంపాదించిన సీటు పోగొట్టాను అత్తయ్యా. ఈ నడుంతో ఇంకెన్నాళ్ళు మోయగలనో అని భయంగా ఉంది. శిక్షణ ముగియడానికి ఇంకా కొన్ని రోజులుంది, ఫోన్లు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. మీ అమ్మాయికి నేనే చెప్పుకుంటాను.

*

బెంగపెట్టుకున్న అల్లుడికి ధైర్యం చెబుతూ అత్తయ్య రాసేది.

సీటు ఎక్కడికీ పోలేదు. దాంట్లో కూర్చునే ఈ ఉత్తరం రాస్తున్నాను. కంగారుపడకు, బండి ఆగే ఉంది.

నువ్వు వెళ్ళగానే మన డిపోలోనూ శిక్షణ పెట్టారు. వ్యాను లైసెన్సు ఉన్న ఉద్యోగులెవరైనా చేరొచ్చన్నారు, చేరాను. ఈ వయసులో తప్పితే షెడ్డంతా నవ్వుతుందని ఎవరికీ చెప్పలేదు. మొదట్లో నీ సీటు మీద నాకు కన్ను లేదు. నీ మూడు కోన్ల సంగతి చదివాక మాత్రం గుండె గుభేలుమంది. నువ్వు తప్పితే అది పరాయివాళ్ళ పాలవుతుందని మేనేజరు దగ్గరికి పరిగెత్తాను. సీటు నీకోసమని నేనెక్కడా రాయలేదు. నువ్వే అనుకుని గదంతా చాటావు.

రివర్సులో నేను అయిదుసార్లు దిగాను. ఇన్‌స్పెక్టరు ఆవలించాడు గాని మార్కు తగ్గించలేదు. చుట్టూ తిరిగి ఇంత బాగా చెప్పడం ఎవరు నేర్పారని అడిగాడు. మా అల్లుడు, పోస్టులో అన్నాను. మా మాస్టారు లారీని బొంగరంలా తిప్పుతాడు గాని నోట్లోంచి మాట రాదు. నాతో చేరినవాళ్ళంతా ఆ చెప్పే పరీక్షలోనే తప్పారు. మేనేజరు నీ కాగితాలు అడిగి పుచ్చుకుని చదివాడు. మాటలు కోటలు దాటే మనిషే ఇప్పుడు కావాలి, వచ్చే బ్యాచి నుంచి ఆ పాఠం అతన్నే చెప్పమనండి అన్నాడు. ఇంక నువ్వు కేసులు ఎత్తక్కర్లేదు నాయనా. ఆ మాట వినగానే మీ ఆవిడ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. నీ నడుం గురించి ఎంత దిగులు పెట్టుకుందో నాకు అప్పుడే తెలిసింది. వెంటనే బయల్దేరి రా.

నీ దగ్గరే చదువుకున్న నీ అత్తయ్య, హెవీ డ్రైవరు

తా.క.: కొత్త డ్రైవర్లు కూడా నీ క్లాసులో కూర్చోవాలట, కంపెనీ రూలు. వస్తాను. అందరి ముందు అత్తయ్యా అని పిలవకు, డ్రైవరుగారూ అను. ఇంటికొచ్చాక నీ ఇష్టం.